మల్లుడి భుజం

పోయినేడు వినాయక చవితి పందిట్లో పాండురంగం ఆడించిన కదిలే బొమ్మలను చూసి స్టేషన్ రోడ్డు జనమంతా నవ్వుకున్నారు. కాకతీయుల తోరణం నమూనా ముందు ఇద్దరు మల్లులు కుస్తీ పట్టాలని అతని ఆలోచన. తీరా మోటారు వేసేసరికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేతులు ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం. కుస్తీ పట్టినట్టు లేదు, ఒకే రోట్లో ఇద్దరాడవాళ్ళు కారం దంచినట్టుంది. ఆ మాట మొదట అన్నది అతని భార్య భారతే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమయ్యా, కారంల ఉప్పేసిండ్రా లేదా వాళ్ళు?" అంది. పక్కనున్నవాళ్ళు అందుకున్నారు. స్వామిని నిమజ్జనం చేసేదాకా ఆ మాట బజారులో తిరుగుతూనే ఉంది.

పాండురంగం దానికి చిన్నబుచ్చుకోలేదు. నవ్వినవాళ్ళ తప్పేమీ లేదని అతనికి తెలుసు. కానీ స్వామి ముందర ఆడించిన ఆట నవ్వులపాలైతే పూజలో ఏదో లోపం చేసినట్టే కదా అన్నది మాత్రం మనసులో ఉండిపోయింది. అతను కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే మనిషి. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తగానే పటాలకు దండం పెట్టి, ఊదుబత్తి ముట్టించి గానీ పట్టకారు చేతబట్టడు. తీగ చుట్టేటప్పుడు చేయి తన పని తాను చేసుకుపోతుంది, ఆలోచనకు తీరిక దొరుకుతుంది. అట్లా ఏడాది పొడుగునా ఆలోచించాడు. చివరికి తేలిందేమిటంటే, కుస్తీ ఇట్లా ఉంటుంది కాబోలునని తాను ఊహించి చక్రాలు కోశాడు. అదే తప్పు. ఊహించకూడదు. కుస్తీ పట్టే మనిషి ఒంట్లోంచే తీసుకోవాలి.

ఇది ఎనభై మూడో సంవత్సరపు మాట. చవితి ఇంకా పదిహేను రోజులుందనగా అతను దుకాణం వెనుక గదిని ఖాళీ చేయించి పని మొదలుపెట్టాడు.

బొమ్మల కింద పెట్టెలో జరిగే సంగతి చూడటానికి సులువే. మోటారు ఒక ఇరుసును మెల్లగా తిప్పుతుంది. ఇరుసుకు చెక్క చక్రాలు బిగించి ఉంటాయి. వాటి అంచులు గుండ్రంగా ఉండవు, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అంచుమీద ఆనుకున్న ఇనుప కడ్డీ ఎత్తు వచ్చినప్పుడు లేస్తుంది, పల్లం వచ్చినప్పుడు దిగుతుంది. కడ్డీ తాడును గుంజుతుంది, తాడు బొమ్మను గుంజుతుంది. అంచు ఎట్లా కోస్తే బొమ్మ అట్లా ఆడుతుంది. కష్టమంతా ఆ అంచు ఎట్లా కోయాలన్నదే.

ఈసారి పాండురంగం పాత నూనె డ్రమ్మొకటి తెచ్చి, దాని చుట్టూ తెల్ల కాగితం అతికించి, బొమ్మలను తిప్పబోయే మోటారుతోనే ఆ డ్రమ్మును తిప్పించాడు. దూలానికి చిన్న చిన్న గిలకలు బిగించాడు. ఒక్కో గిలక మీదుగా ఒక్కో తాడు. తాడు ఒక కొస మనిషికి కడతాడు. రెండో కొసకు చిన్న బరువు, ఆ బరువుకు బొగ్గుముక్క. బొగ్గు డ్రమ్మును రాసుకుంటూ ఉంటుంది. మనిషి భుజం లేస్తే బొగ్గు దిగుతుంది, భుజం దిగితే బొగ్గు లేస్తుంది. డ్రమ్ము ఒక చుట్టు తిరిగేసరికి మనిషి పట్టిన పట్టు కాగితం మీద గీతై నిలుస్తుంది. ఆ గీతను తిరగేసి చక్రం చుట్టూ చుట్టి కోస్తే, మనిషి కదిలిందే బొమ్మ కదలాలి. వేరే దారి లేదు దానికి.

తాళ్ళు కట్టించుకోవడానికి ఎవరు కావాలా అని అతను ఆలోచించే పనే లేదు. ఖిలా వరంగల్‌లో కుస్తీ నేర్పే తాలీంఖానాలో మొగిలయ్యను మించిన ఉస్తాద్ లేడు. గింజల మార్కెట్లో హమాలీ పని చేసేవాడు. నలభై దాటినా ఛాతీ ద్వారబంధం అంత. కబురు పెట్టిన మరునాడే మొగిలయ్య వచ్చాడు. వెంట యాకయ్యను తెచ్చాడు. యాకయ్య కూడా హమాలీయే, మొగిలయ్య దగ్గర కుస్తీ నేర్చుకున్నవాడు.

పాండురంగం మణికట్టుకొకటి, మోచేతికొకటి, కుడి భుజానికొకటి తాళ్ళు కడుతుంటే మొగిలయ్య తన ఒంటిని తానే వింతగా చూసుకున్నాడు.

"ఏందన్నా, అంగడికి తోలుకపోయే ఎద్దును కట్టినట్టు కట్టవడితివి?"

"ఎద్దయితే గింత మాట్లాడదు. కదలకు జర."

"కదలకుంట కుస్తీ ఎట్ల పట్టాలె?"

"కదలుమన్నప్పుడు కదులు."

యాకయ్య లాగు పైకి మడుచుకుంటూ, "ఉస్తాద్, జర మెల్లగ ఎత్తు. నేను వడ్ల బస్తను కాను, ఇంట్ల పెండ్లామున్నది" అన్నాడు.

మొగిలయ్య నవ్వలేదు. వంగి నేలను ముట్టి కళ్ళకద్దుకున్నాడు. సిమెంటు గచ్చు అది, అక్కడ మట్టి లేదు. అయినా రెండు అరచేతులూ మట్టి పూసుకున్నట్టే రుద్దుకున్నాడు. ఆ రుద్దడంతోనే అతని మొహం మారిపోయింది. అంతవరకూ ఎదుట నిలబడి పరాచికాలాడిన మనిషి వేరు, ఇప్పుడు మోకాళ్ళు వంచి, తల దించి, కింది నుంచి కళ్ళెత్తి చూస్తున్న మనిషి వేరు. పాండురంగం మోటారు వేశాడు.

మొగిలయ్య మెడపట్టు పట్టి యాకయ్యను ముందుకు గుంజాడు. యాకయ్య నిగడదన్నాడు. గుంజుకున్నంత గుంజుకుని మొగిలయ్య మెరుపులా కిందికి వంగి, నడుము చుట్టూ చేతులు బిగించి, యాకయ్యను నేలనుంచి లేపాడు. ఛాతీ దాకా లేపాడు. భుజం దాకా తెస్తూ ఉండగా, కుడి భుజం ఒక్క క్షణం కిందికి జారి, మళ్ళీ అందుకుంది. యాకయ్య కాళ్ళు గాలిలో ఆడాయి. ఆపైన మెల్లగా దించాడు.

పాండురంగం డ్రమ్ము ఆపి, కాగితం విప్పి గీతను తిరగేసి చూశాడు. ఏటి ఒడ్డులా సాఫీగా ఎక్కుతున్న గీతలో ఎత్తు చివర ఒక నొక్కు ఉంది.

"బొగ్గు జారినట్టున్నది. మల్లోసారి."

మళ్ళీ పట్టారు. మళ్ళీ నొక్కు. పాండురంగం బొగ్గు మార్చాడు. నొక్కు పోలేదు. గిలకలో నూనె చుక్క వేశాడు. పోలేదు. తాడు మార్చి, గిలకే మార్చి, స్టూలెక్కి దిగి విసిగిపోయాడు. "ఈ బొగ్గే మంచిది కాదు" అన్నాడు.

మొగిలయ్య రొప్పుతూ గచ్చుమీద కూర్చున్నాడు. ఎడమచేత్తో కుడి భుజాన్ని పట్టుకుని, "బొగ్గునెందుకు తిడుతవన్నా, పాపం. అది బొగ్గు కాదు. నా బుజం" అన్నాడు.

పాండురంగం స్టూలు మీదే ఆగిపోయాడు.

"ఎండకాలంల రాంచందర్ సేటు గోదాంల వడ్ల బస్తల నెట్టు కూలిందన్నా. కింద నేనున్న. దవాఖానకు పోతే ఫోటో తీసిండ్రు. బొక్క ఇరగలే అన్నరు. ఇరగకపోవుడే నా తప్పయింది."

"ఉస్తాద్‌ది నాటకం అంటాండు సేటు" అన్నాడు యాకయ్య. ఇప్పుడు అతని గొంతులో పరాచికం లేదు. "డాక్టరే ఏం లేదన్నంక నొప్పెట్ల ఉంటదంటాండు. మార్కెట్ల మిగిలిన అడ్తిదారులకు గూడ చెప్పిండు. ఎవ్వలు పిలుత్తలేరు."

"పైసలడిగితినా నేను?" అన్నాడు మొగిలయ్య. "కాంటా కాడ తూకం రాళ్ళు పెట్టే పనియ్యుమన్న. ఎడమచెయ్యితోని చేసుకుంట. పనిచ్చినా ఇయ్యకున్నా నడిచేది. అబద్ధాలకోరు అన్నడు సూడు, గదే... తాలీంల పోరగండ్లు గూడ ఇప్పుడు నా బుజం దిక్కు చూసి మొకం తిప్పుకుంటాండ్రు." ఆ మాటతో లేచి నిలబడ్డాడు. "పట్టుమంటవా ఇంకోసారి?"

"వద్దు. నొప్పితోని..."

"నొప్పి ఎట్లున్నా ఉంటది. స్వామి పని. పడ్త."

చీకటి పడకముందే పాండురంగం కాగితాలన్నీ చుట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ముందు గదిలో వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, అన్నిటి గీతలనూ తిరగేసి ఒకే కాగితం మీదికి దించాడు. భారతి పక్కనే కూర్చుని బొమ్మలకు బట్టలు కుడుతోంది.

"నా బతుకుల మొగోళ్ళకు లంగోటి కుట్టుడు ఒక్కటే తక్కువుండె" అంది దారం కొరుకుతూ.

"చెక్కబొమ్మలే అవి."

"చెక్కయినా చర్మమయినా లంగోటి లంగోటే. ఎర్రది కుట్టాలెనా, పచ్చది కుట్టాలెనా?"

అతను కాగితం మీదినుంచి తల ఎత్తలేదు. ఆమె సూది పట్టుకునే ముందుకు వంగి కాగితం చూసింది. ఎన్నిసార్లు పట్టారో అన్ని గీతలు. ఒకటి కొంచెం ముందు లేచింది, ఒకటి వెనుక. ఒకటి మరీ ఎత్తుకు పోయింది. యాకయ్య బిగుసుకున్నప్పుడు ఒక తీరు, వదులైనప్పుడు ఒక తీరు, మొగిలయ్య అలిసిపోయాక ఇంకో తీరు.

"చిక్కువడ్డ దారం లెక్కున్నది" అంది. మళ్ళీ చూసి, సూదిమొనతో ఒకచోట చూపించింది. "గీడ తప్ప. గీడ అన్ని ఒక్కతాన కలిసినయి. ఏంది గిది?"

పాండురంగం ఆ సూదిమొన చూపించిన చోటికి వంగాడు. నిజమే. అన్ని గీతలూ విడివిడిగా నడిచి, ఆ నొక్కు దగ్గరికి వచ్చేసరికి ఒకే గీతై కిందికి పడ్డాయి. అక్కడినుంచి లేచి మళ్ళీ ఎవరి దారి వాళ్ళదన్నట్టు విడిపోయాయి.

"మొగిలయ్య బుజం" అన్నాడు. నెట్టు కూలిన సంగతి, సేటు అన్న మాట చెప్పాడు. "నాటకమాడే మనిషైతే ఒకసారి ముందు జారుతడు, ఒకసారి యాది మరుస్తడు. గిట్ల ఒక్కతీరుగ ఎవడు ఆడుతడు?"

"మరి చెప్పరాదు సేటుకు."

"చెప్పుడు తర్వాత. ముందు చక్రం సంగతి. ఇంత పెద్ద మల్లుడు, కాకతీయుల తోరణం ముందర, ఎత్తేటప్పుడు బుజం జారుడేంది? స్వామి ముందర పెట్టేది మంచిగున్నది పెట్టాలెనా, ఉన్నది పెట్టాలెనా?"

భారతి లంగోటి మడిచి పక్కన పెట్టింది. "పోయినేడు మంచిగుండాల్నని నువ్వు ఊహ చేసి కోస్తివి. ఏం జేసిండ్రు వాళ్ళు?"

"కారం దంచిండ్రు."

"మరింకేంది" అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఆ మాటతో అతనికి సందేహం తీరింది. మరునాటినుంచి దుకాణంలో చెక్కపొట్టు పరుచుకుంది. గీత వెంట రంపం నడిపాడు, అంచుకు ఆకురాయి పట్టాడు. మిగతా అంచంతా బొటనవేలితో తడిమి నున్నగా చేశాడు గానీ నొక్కు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆకురాయిని వెంట్రుకవాసి కూడా దాటనివ్వలేదు. సవతి కొడుకును సాకినట్టు కాదు, ఇంటి దీపాన్ని కాపాడినట్టు కాపాడాడు దాన్ని.

పందిట్లో బొమ్మలు నిలబెట్టిన రోజు రాంచందర్ సేటు వచ్చాడు. వడ్ల అడ్తి దుకాణం అతనిదే, పందిరి కమిటీకి ప్రెసిడెంటూ అతనే. చెడ్డవాడని ఎవరూ అనరు. బజారులో ఎవరింట్లో పెండ్లయినా పందిరి గుంజలు అతని గోదాములోంచే పోతాయి. పొద్దున ఉప్పుడు పిండి పంచేటప్పుడు తానే గరిటె పట్టుకుంటాడు. నోట్లో పాన్, మెడలో తువ్వాల, అందరినీ పేరు పెట్టి పిలవడం.

"పాండురంగం, ఈయేడు సుత కారమేనా, పసుపు గిట్ల దంచుతరా?"

"చూడు సేటు" అని పాండురంగం మోటారు వేశాడు.

పచ్చ లంగోటి మల్లుడు ఎర్ర లంగోటి మల్లుడి మెడ పట్టాడు. గుంజాడు. ఎర్రవాడు నిగడదన్నాడు. పచ్చవాడు వంగి నడుము పట్టి ఎత్తాడు. తోరణానికి మామిడాకులు కడుతున్న పనివాడు నిచ్చెన మీదే చేతులు ఆపి చూశాడు. సేటు నోరు పాన్‌తో సహా తెరుచుకుంది. "వారెవా!" అన్నాడు. అంతలో పచ్చవాడి కుడి భుజం జారి మళ్ళీ అందుకుంది.

"అదేంది, గాడ ఆగుతాంది? మోటారు గుంజుతలేదా?"

"మోటారు మంచిగనే గుంజుతాంది. ఆ పట్టు మనిషి కాడ తీసుకున్న. ఆ మనిషి బుజం గట్లనే జారుతది."

"ఏ మనిషి?"

"మొగిలయ్య."

సేటు పాన్ నమలడం ఆపాడు. పందిరి గుంజ పట్టుకుని బొమ్మ ఇంకోసారి ఎత్తేదాకా చూశాడు. భుజం జారింది.

"వాని నాటకం బొమ్మకు గూడ నేర్పినవా?"

"నాటకం కాదు సేటు. ఎన్నిసార్లు..."

"ఇను. నేను మంచిగ చెప్తాన." సేటు గొంతు తగ్గించాడు. గొంతులో కోపం కన్నా విసుగు ఎక్కువ ఉంది. "డాక్టరు రాసిచ్చిండు, ఏం లేదని. నేను వాని మాట పట్టుకొని సరేనంటే, రేపు హమాలోల్లంత బుజాలు పట్టుకొని నా గద్దె కాడ నిలవడుతరు. నేను దుకాణం నడపాలెనా, దవాఖాన నడపాలెనా? మల్లుడంటే మల్లుని లెక్కుండాలె. పండుగ పూట బొమ్మకు నొప్పేంది? సాఫ్ చెయ్యి దాన్ని."

పాండురంగం నోట్లోకి మాట వచ్చింది, కానీ పందిట్లోకి అప్పుడే విగ్రహాన్ని బట్ట కప్పి తెస్తున్నారు. స్వామి వచ్చే వేళ గొడవెందుకని ఊరుకున్నాడు. పందిరి కమిటీది, మాట కమిటీది. పెట్టె తలుపు తీసి చక్రం నొక్కులో లప్పం నింపాడు. బొమ్మల మొహాలకు రంగు వేసే ముందు పూసే లప్పమే, చేతికి అందేటట్టు డబ్బాలో ఉంది. నైవేద్యం పళ్ళెం పట్టుకుని వచ్చిన భారతి అతని భుజం మీదుగా తొంగి చూసింది.

"రేకు కొట్టాలె గని, ఇనుప కడ్డీ కింద లప్పమేం నిలుస్తది?"

"చూద్దాం" అన్నాడు. పొడి మాటగా అన్నాడు. మోటార్ల పని చేసే మనిషికి లప్పం సంగతి తెలియదా అంటే ఏం చెప్పాలి? తెలిసి చేశాడా, చేయి చేసుకుపోయిందా అంటే అతను కూడా గట్టిగా చెప్పలేడు.

చవితి నాడు, మరునాడు పందిరి జనంతో నిండింది. బొమ్మ సాఫీగా ఎత్తింది, సాఫీగా దించింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆగనూ లేదు. కాసేపు చూసి, బాగుందని, ప్రసాదం దొన్నె పట్టుకుని ముందుకు సాగారు. మొగిలయ్య కూడా తెల్లధోవతి కట్టుకుని వచ్చాడు. స్వామికి దండం పెట్టుకుని, బొమ్మ ముందు నిలబడి చూశాడు.

"మంచిగున్నదన్నా" అన్నాడు. ఇంకోసారి ఎత్తేదాకా చూసి, "నేను కాదు తియ్యి వాడు" అని వెళ్ళిపోయాడు. వీపు తిప్పుకుని పోతున్న ఆ మనిషిని పిలవడానికి పాండురంగానికి ముఖం చెల్లలేదు. స్వామి వైపు చూద్దామంటే అటూ చెల్లలేదు.

మూడో రోజు పొద్దంతా ముసురు పట్టింది. సాయంత్రం తెరిపి ఇచ్చి, దీపాలు పెట్టే వేళకు జనం కదిలారు. పాండురంగం పెట్టె పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. కడ్డీ చప్పుడు మారడం అతని చెవికే ముందు తెలిసింది. వంగి చూస్తే చక్రాల కింద తెల్లగా పొడి రాలి ఉంది. ముసురుకు మెత్తబడిన లప్పాన్ని కడ్డీ కొంచెం కొంచెంగా గీకేసింది. చూస్తుండగానే మిగిలిన ముక్క కూడా ఊడి పడింది.

పైన బొమ్మ ఎత్తింది. భుజం జారింది. మళ్ళీ అందుకుంది.

"అబ్బా!" అంది ముందు వరుసలో ఒకావిడ, చంకలో బిడ్డను ఎగదోసుకుంటూ.

పోతున్నవాళ్ళు ఆగారు. బొమ్మ మెడ పట్టింది, గుంజింది, వంగింది, ఎత్తింది. భుజం జారింది. ఈసారి చాలా గొంతులు 'అయ్యో' అన్నాయి. ఎవరూ నవ్వలేదు. ఎర్ర లంగోటివాడు పడిపోతాడేమోనని జనం ఊపిరి బిగబట్టారు. మార్కెట్ మూసి వస్తున్న హమాలీలు వెనుకనుంచి తోసుకుని వచ్చారు. వాళ్ళలో యాకయ్య ఉన్నాడు.

"అగో, ఉస్తాద్!" అని అరిచాడు. "ఉస్తాద్ బుజం రా అది! ఎత్తింది నన్నే!"

"ఔ రా, మొగిలన్నే. అదే వంగుడు."

"మెడ పట్టుడు చూడు, మెడ పట్టుడు..."

పాండురంగం పీట మీదినుంచి లేచి జనం వైపు తిరిగాడు. అప్పుడు చూశాడు అతను. బొమ్మ భుజం జారే వేళకు అక్కడ నిలబడ్డవాళ్ళందరి కుడి భుజాలూ కొంచెం కిందికి జారుతున్నాయి. హమాలీలవి, బట్టల దుకాణం గుమాస్తాలవి, బిడ్డనెత్తుకున్న ఆవిడది, కర్ర పట్టుకున్న ముసలాయనది. వాళ్ళకు తెలియడం లేదు. గాలికి చేను ఒక్కసారి వంగి లేచినట్టు వంగి లేస్తున్నారు. వెనుక వరుసలో తెల్లధోవతి కట్టుకుని ఒక మనిషి గుంజకు ఆనుకుని ఉన్నాడు. మొగిలయ్య. అతనొక్కడే బొమ్మను చూడటం లేదు, జనాన్ని చూస్తున్నాడు.

హారతి ముగించుకుని రాంచందర్ సేటు అటు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. బొమ్మను చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"సాఫ్ చేసిన అంటివి కదా?"

"చేసిన సేటు. ఊడిపోయింది."

"బందు చెయ్యి."

పాండురంగం స్విచ్చు మీద చేయి వేశాడు. చేయి అక్కడే ఉంచి ఆగాడు. స్వామి ఎదురుగా ఉన్నాడు, దీపం వెలుగుతోంది. మొన్న ఊరుకున్న మాట మళ్ళీ నోటికి వచ్చింది, ఈసారి మింగలేదు.

"సేటు, ఆ రోజంత మొగిలయ్య పట్టు తీసిన, ఎన్నో సార్లు. తాడు మార్చిన, గిలక మార్చిన. మిగిలిందంత మారింది, బుజం మాత్రం ఆడనే పడ్డది. నాటకమైతే ఒక్కసారన్న తప్పేది. స్వామి ముందర నిలవడి చెప్తాన. నువ్వు పెద్దమనిషివి, నిమ్మలంగ ఒక్కసారి చూడు. బందు చెయ్యాల్ననిపిస్తే ఇగో స్విచ్చు. నీ చెయ్యితోనే చెయ్యి." అని పక్కకు జరిగాడు.

సేటు స్విచ్చు దగ్గరికి వచ్చాడు. చేయి చాపాడు. పదిమంది ముందు ఒక మోటారు మేస్త్రీ అన్న మాటకు వెనక్కి తగ్గే మనిషి కాదు. కానీ చూడమన్నాడు కదా అని, స్విచ్చు మీద వేలు పెట్టి తలెత్తి చూశాడు. మెడ పట్టింది. గుంజింది. వంగింది. ఎత్తుతోంది. ఛాతీ దాకా, భుజం దాకా.

బొమ్మ భుజం జారింది. దానితో పాటు సేటు కుడి భుజమూ జారింది. స్విచ్చు మీదున్న చేయి ఆ జారడంతో, స్విచ్చు నొక్కకుండానే కిందికి వచ్చేసింది. అతను ఎడమచేత్తో తన భుజాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నాక, ఎందుకు పట్టుకున్నానా అని చూసుకున్నాడు. తలెత్తేసరికి ఎదురుగా యాకయ్య, హమాలీలు, బిడ్డనెత్తుకున్న ఆవిడ. భారతి ప్రసాదం గంగాళం దగ్గర గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

సేటు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "తిరగనియ్యి" అన్నాడు మెల్లగా. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

తప్పయిందని అతను ఎవరితోనూ అనలేదు. అనే మనిషీ కాదు. మరునాడు మార్కెట్లో గుమాస్తా వచ్చి, "పండుగ దినాలు, కాంటా కాడ మనిషి తక్కువైండు. మొగిలయ్యను రమ్మన్నడు సేటు" అని యాకయ్యకు చెప్పి పోయాడు. నిమజ్జనం అయ్యేదాకేనా, తర్వాత కూడానా అని యాకయ్య అడిగితే, "తూకం రాళ్ళు పండుగకొక్కటే ఉంటయా?" అన్నాడట.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పందిట్లో జనం పలచగా ఉన్న వేళ మొగిలయ్య వచ్చాడు. చొక్కా మీద వడ్ల దుమ్ము ఉంది. పాండురంగం పక్కన గొంతుక్కూర్చుని, బొమ్మ ఒకసారి ఎత్తి దించేదాకా చూశాడు.

"అన్నా, ఒక మాట."

"చెప్పు."

"దాన్ని సాఫ్ చెయ్యరాదు."

పాండురంగం అతని వైపు తిరిగాడు. "ఏందయ్యా, నువ్వే అంటానవా? ఎవలన్న అనుమన్నరా?"

"ఎవలంటరు. నేనే." మొగిలయ్య సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నాకు కాంటా కాడ పని దొరికింది. ఎడమచెయ్యితోని రాయి పెడ్తాన, కూసుంటాన. ఇగ వాడు చూడు. పొద్దు పొడిసినప్పటి సంది ఎత్తుతనే ఉన్నడు. ఎత్తినప్పుడల్ల జారుతనే ఉన్నది. చెప్పాల్సిన మాట చెప్పిండు పాపం. ఇంకెన్ని దినాలు మోస్తడు నా నొప్పి? స్వామి ముందర ఒక్కనికన్న నిమ్మలమివ్వన్నా."

ఉన్నది పెట్టాలా, మంచిగున్నది పెట్టాలా అని తాను అడిగిన ప్రశ్నకు ఈ మనిషి మూడో జవాబేదో చెబుతున్నాడు. అది సరైనదేనా అని అతను స్వామి వైపు చూశాడు. స్వామి ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. పాండురంగం లేచి మోటారు ఆపాడు. ఈసారి లప్పం ముట్టలేదు. నూనె డబ్బా రేకు ముక్క కత్తిరించి, నొక్కు మీద వంచి, చిన్న మేకులతో బిగించాడు. మొగిలయ్య ఎడమచేత్తో దీపం పట్టి చూపించాడు. మళ్ళీ మోటారు వేశాక బొమ్మ భుజం ఆ మూల నుంచి ఈ మూలకు నీళ్ళ మీద పడవలా లేచి దిగింది.

"హమ్మయ్య" అన్నాడు మొగిలయ్య. లేస్తూ కుడిచేయి నేలకు ఆనించబోయి, ఆపుకుని, ఎడమచేయి ఆనించి లేచాడు.

ఆ సాయంత్రం రాంచందర్ సేటు, రఘునాథపల్లి నుంచి వచ్చిన చుట్టాలను వెంటబెట్టుకుని పందిరికి వచ్చాడు. పాన్ నములుతూ బొమ్మను చూపించి, "చూడుండ్రి, మా పాండురంగం చేసిండు. గసొంటి బొమ్మ హైద్రాబాదుల గూడ లేదు" అన్నాడు. చుట్టాలు తలెత్తి చూశారు. పచ్చ లంగోటి మల్లుడు మెడ పట్టాడు, గుంజాడు, వంగాడు, ఎత్తాడు. ఎక్కడా ఆగకుండా, ఏ నొప్పీ లేకుండా పైకెత్తి మెల్లగా దించాడు. చుట్టాలు బాగుందన్నారు.

పాండురంగం పీట మీదినుంచి బొమ్మను చూడలేదు, సేటునే చూస్తున్నాడు. బొమ్మ ఎత్తుతూ ఎత్తుతూ ఆ చోటికి వచ్చినప్పుడు, బొమ్మ భుజం జారకపోయినా, రాంచందర్ సేటు కుడి భుజం కొంచెం జారి మళ్ళీ అందుకుంది.